పోయినాడయ్యా

ఓర్వకల్లు అవతల రాళ్లగుట్టల కింద ఉన్న ఆ పల్లెలో విశ్వాసమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. అక్కడి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చిలో ఒకే గంపలోకి ఒంపుతారు. కోటా బియ్యం, సోనా బియ్యం, పాతవీ, కొత్తవీ కలగాపులగం. వండితే సగం మెత్తబడుతుంది, సగం పలుకు మీద ఉంటుంది. ఆకలికి ఆ తేడాలు పట్టవనుకోండి. ఎవరైనా పురుగుల బియ్యం తెచ్చారో, అయిపోయారే! విశ్వాసమ్మ గంప దగ్గరే నిలబెట్టి, "మీ ఇంట్లోనూ ఇవే తింటాండారా?" అని నలుగురిలో కడిగేస్తుంది. గంపలోవి ఎవరికి పోవాలో ఒక పుస్తకంలో పేర్లుంటాయి. పైన "విధవరాండ్రు" అని రాసి ఉంటుంది. అందుకే ఊరంతా వాటిని విధవరాండ్ర బియ్యం అంటుంది.

ఈ జనవరిలో ఆ పేరే అడ్డం పడింది.

ప్రేమజ్యోతి మొగుడు శామ్ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. ఏడాదిగా ఇంటి గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఆమే కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. పెద్దపిల్ల నిస్సీ పదో తరగతి. ఈసారి వానలు మొహం చాటేశాయి, పల్లెలో పనులు పలచబడ్డాయి. జనం సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయల కోతకు, మూటలు కడుతున్నారు. సోమవారం బండి వస్తుంది. పిల్లల్ని తీసుకుని తానూ ఎక్కుతానంది ప్రేమజ్యోతి. ఎక్కితే మార్చిలో నిస్సీ పరీక్ష పోయినట్టే.

శుక్రవారం విశ్వాసమ్మ బియ్యం సంచి చంకనేసుకుని వాళ్లింటికి పోయింది.

"ఇది పెట్టుకో. ఇట్లనే వారం వారం వస్తాది. కూలి ఎంతోకొంత ఈడనే దొరుకుతాది. పాపను పరీక్ష రాయనీ మే."

ప్రేమజ్యోతి సంచి ముట్టుకోలేదు. "వద్దు పెద్దమ్మా. అవి విధవరాండ్ర బియ్యం. ఆయప్ప బతికే ఉండాడు. బతికున్నోన్ని సంపి, ఆ బియ్యం పిల్లోళ్లకు ఎట్ల పెట్టేది?"

"పేరుదేముందే?"

"పుస్తకంలో నా పేరు రాస్తారు గదా. మీ నాయన ఎప్పుడు సచ్చిపాయె అని నిస్సీని ఎవరన్నా అడిగితే?"

ఊరందరి నోళ్లూ మూయించే విశ్వాసమ్మ సంచి మళ్లీ చంకనేసుకుని ఇంటిదారి పట్టింది. ఆమె వాదించకపోవడానికి కారణం ఉంది.

ముప్పై ఏళ్ల కిందట ఆమె మొగుడు బాలస్వామి పని మీద బద్వేలుకు పోయి, అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడు. చంకలో బిడ్డ శ్రావణితో చర్చికి వచ్చిన ఆమెను అప్పటి పాస్టరయ్య "మీ ఆయన ఏడమ్మా?" అని అడిగారు. "పోయినాడయ్యా" అంది. ఇల్లు వదిలి పోయాడని ఆమె చెప్పింది. కాలం చేశాడని ఆయన విన్నారు. పాపం, కళ్లు తుడుచుకుని మరీ పుస్తకంలో పేరెక్కించారు. జరిగిన పొరపాటు అర్థమయ్యేసరికి సంచి చేతిలో ఉంది, పిల్ల ఆకలికి ఏడుస్తోంది. ఆరోజు దిద్దలేదు. ఆ తర్వాత దిద్దే ధైర్యం రాలేదు. ఆ గింజలతోనే శ్రావణి పెరిగి కడపలో నర్సయింది. బాలస్వామి బద్వేల్లో నిక్షేపంగా ఉన్నాడు. ఆ సంగతి విశ్వాసమ్మ కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెబితే దొంగ బియ్యం తిన్న మనిషవుతుంది. ఇంకొకరి బియ్యంలో పురుగులెంచే మొహం ఉండదు. చెప్పకపోతే నిస్సీ సోమవారం బండెక్కుతుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక, అందరూ లేస్తుంటే, "కూసోండి" అని గదమాయించింది.

"అయ్యా, ఆ పుస్తకంలో పై మాట కొట్టేయాల."

"ఎందుకమ్మా?" అన్నాడు పాస్టరు దావీదురాజు.

"నేను విధవరాల్ని కాను. మా ఆయన బద్వేల్లో ఉండాడు. ఆ పొద్దు నేను పోయినాడయ్యా అంటి. అప్పటి అయ్యగారు మా ఆయన సచ్చిపోయినాడనుకునె. నేను నోరు మూసుకొని బియ్యం తెచ్చుకుంటి. తప్పు నాదే. నన్ను ఈ పెద్దరికంలో నుంచి తీసేయండి. ప్రేమజ్యోతికి మాత్రం, మొగుణ్ని సంపమనకుండా బియ్యం ఇయ్యండి."

గోడవార చాప మీద కూర్చున్న గిడ్డమ్మ నవ్వింది. ఎనభై ఏళ్ల మనిషి.

"ఆయప్ప బద్వేల్లో ఉండేది నాకు అప్పుడే తెలుసు మే. ఈళ్లందరికీ తెలుసు."

విశ్వాసమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఇద్దరు ముగ్గురు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"తెలిసీ ఎట్ల పోస్తిరి?"

"పోయినాడంటివి. పోయె గదా! అబద్ధమేముండాది? మేం పోసింది నీ బిడ్డ ఆకలికి. ఆయప్ప సావుకా?"

విశ్వాసమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. తాను ఊరి దగ్గర దాస్తున్నాననుకున్న సంగతిని, ముప్పై ఏళ్లుగా ఊరే తన కోసం దాచిపెట్టింది. తన నోటి దురుసు భరిస్తూ, పురుగుల బియ్యం తిట్లు తింటూ, ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ఎత్తలేదు.

దావీదురాజు పుస్తకం తెరిచి పై మాట అడ్డంగా కొట్టేశాడు. అక్కడ ఇంకేం రాయాలో ఆయనకూ తోచలేదు. ఖాళీగానే వదిలేశాడు.

ప్రేమజ్యోతి మెల్లగా లేచి వచ్చి నిలబడింది. "నన్ను ఏమని రాస్తారు పెద్దమ్మా?"

విశ్వాసమ్మ ముక్కు చీదుకుని, మళ్లీ పాత గొంతుతో కసిరింది. "ప్రేమజ్యోతి అని రాస్తాం. నీకు ఇంగో పేరుందా?"

సోమవారం సుగ్గి బండి వచ్చే వేళకు నిస్సీ బడిలో ఉంది.