తీతువు గుడ్లకు కాపలా

ముందే చెప్పేస్తున్నాను, నాకు కోతలు కోసే జబ్బు ఉంది. పిడికెడు గింజలుంటే పుట్టెడు అంటాను. మా ఇంట్లో వాళ్లు నా మాటను చేటలో వేసి చెరిగి, తాలు పోగా మిగిలింది నమ్ముతారు. మీరూ అలాగే చదవండి.

జమ్మలమడుగు పక్కన ఒక ఊళ్లో నేను సైన్సు మాస్టరుగా ఉన్న రోజులవి. ఊరు రెండు పార్టీలు: ఎగువ వీధి, దిగువ వీధి. టీ అంగళ్లు కూడా రెండు. ఒకదాంట్లో తాగి రెండోదాంట్లో తాగకపోతే ఓటు వేసేసినట్టే లెక్క. అందుకని పొద్దున్నే రెండు చోట్లా తాగేవాణ్ణి. ఆ ఊళ్లో నేను తాగిన టీ మైలవరం డ్యాంలో పోసి ఉంటే గేట్లు ఎత్తాల్సి వచ్చేది.

అలాంటి ఊళ్లో నాకొక పిచ్చి పుట్టింది. రెండు వీధుల పిల్లల్నీ, వాళ్ల ఇంటివాళ్లనూ కలిపి ఒక ఆదివారం మైలవరం నీళ్ల అంచుకు తీసుకుపోవాలి. జల్లెడతో నీటిపురుగులు పట్టి తెల్ల పళ్లెంలో చూపించాలి, ఈకలు ఏరించాలి, పిట్టల్ని గుర్తుపట్టించాలి. హెడ్మాస్టరు బెదిరిపోయాడు.

“చూడప్పా, ఆడ ఒక్క మాట ఎచ్చుతక్కువైనా ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్లా చీమను చూపించేదానికి గూడా పిల్లోళ్లను బయటికి పంపను.”

అయినా జనం వచ్చారు. పిల్లల వెనక తల్లులు, తల్లుల చంకల్లో సద్దిమూటలు, వాటి వెనక రెండు వీధుల జీపులు. ఆ కాలంలో పార్టీ నడిపే పెద్దాయన ఇంటి బిడ్డ పిట్టను చూడబోయినా వెంట మనుషులు ఉండాల్సిందే. రెండు వీధుల పెద్దాయనలూ స్వయంగా దిగారు, మనవళ్ల కోసమట. వాళ్ల మనుషుల మీసాలు ఎంతటివంటే, ఒక్కోదాని మీద ఒక కొంగ కాలు మడిచి నిలబడగలదు.

మొదట అంతా సజావుగానే సాగింది. పళ్లెంలో తూనీగ పిల్ల ఈదుతుంటే దాని మీదికి వంగి రెండు వీధుల పిల్లల తలలు ఢీకొన్నాయి. ఎవరూ ఎవరినీ వెనక్కి లాగలేదు. గర్వంతో నా ఛాతీ ఉబ్బి, చొక్కా గుండీ ఎగిరిపోయి డ్యాంలో పడింది.

ఆ ఊపులో, నీళ్లు తగ్గి బయటపడిన గులకరాళ్ల నేల మీదికి పిల్లల్ని నడిపించాను. ఎక్కడి నుంచో తీతువు పిట్ట ఒకటి లేచి, అరుస్తూ మా తలల మీదికి దూకింది. దాని కూతకు ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో త్రాసులు ఊగాయి.

వెనక దబదబమని చప్పుడు. తిరిగి చూస్తే రెండు జీపుల మనుషులూ నేల మీద బోర్లా పడి ఉన్నారు. చేతులు నడుముల దగ్గర. మాటు వేసి, మాటు తప్పించుకొని బతికినవాళ్లకు తీతువు కూతకు అర్థం ఒక్కటే: ఎవడో మీదికి వస్తున్నాడు. ఎగువ వీధి చూపు దిగువ వీధి మీద, దిగువ వీధి చూపు ఎగువ వీధి మీద, మధ్యలో పిల్లలు. ఒక్క చెయ్యి పైకి లేస్తే నా ఆదివారం కాదు, ఊరే ఆరిపోతుంది.

ఎగువ వీధి తల్లి ఒకామె గట్టిగా అంది. “ఏందప్పా ఇది? పిట్ట అరిస్తే పండుకుంటిరే! అది గుడ్లు పెట్టుకోని అరుస్తాంది. లేయండి, నగుతారు!”

దిగువ వీధి ఆడవాళ్లు అప్పటికే నవ్వుతున్నారు. పిల్లలూ అందుకున్నారు. మగవాళ్లు పంచెలు దులుపుకొంటూ లేచారు.

గుడ్లు నిజంగానే నా కాలి ముందర ఉన్నాయి, రాళ్ల మధ్య రాళ్ల రంగులోనే. జీపులు తిరగాల్సింది సరిగ్గా ఆ దారినే. ఎగువ వీధి పెద్దాయన దిగువ వీధి పెద్దాయన వైపు చూడకుండానే అన్నాడు.

“ఏం మామా, జీపు యాడ తిప్పుతావు? గుడ్ల మీదనా?”

“నీది తిప్పు ముందు. పగలగొట్టే పని నీకు శానా అలవాటు గదా.”

“సర్లే, పిట్టకు పార్టీ యాడిది? రాయి ఎత్తుకో. యేసేదానికి గాదు, పెట్టేదానికి.”

“దూరంగా పెట్టండయ్యా, తల్లి మళ్లీ వచ్చి కూర్చోవాలి” అన్నాను నేను. రాళ్లు మోశారు. గుడ్ల చుట్టూ విశాలంగా ఒక వలయం లేచింది. జీపులను వెనక్కి వెనక్కి నడిపి గట్టెక్కించారు. పై ఆదివారం గుడ్లు ఏమయ్యాయో చూడాలని రెండు వీధులూ నాకంటే ముందే బయలుదేరాయి. హెడ్మాస్టరు తన భార్యను కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. నేను చేసిన ఉద్యోగంలో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే ఇదే.

ఇంతకీ ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒకటుంది. ఆ పెద్దాయనలిద్దరి మాటలు. వాళ్లు ఆ రోజు ఒకరితో ఒకరు ఒక్క మాటా అనుకోలేదు. మొహాలు చెరో దిక్కు తిప్పుకొని, ఒకాయన పెట్టిన రాయి పక్కనే ఇంకొకాయన రాయి పెట్టుకుంటూ పోయారు.