మామయ్యగారి పంద్రాగస్టు రుమాలు

ఆ రోజుల్లో మా వైపు ఇళ్లలో గుడ్డ అనేదాన్ని ఊరికే కూర్చోనిచ్చేవారు కాదు. చీర చిరిగితే బొంత, పంచె చిరిగితే మసిగుడ్డ, అదీ చిరిగితే లాంతరు చిమ్నీ తుడిచే పీలిక. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు, గుడ్డను వాడకుండా అపురూపంగా దాచుకునే మనుషులు కూడా ఉంటారని పెళ్లయి పొదిలి వచ్చేదాకా తెలియదు. (తెలిసిన విధానం మాత్రం అంత గౌరవంగా లేదు. చెప్పబోయేది అదే.)

నాకప్పుడు ఇరవై ఒక్కేళ్లు. బి.ఏ. చరిత్ర, ఫస్ట్ క్లాసు. ఈ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకునేదాన్ని. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో అత్తయ్యగారు ఆవకాయ పెట్టారు. జాడీ నిండింది, మూతికి నూలు గుడ్డతో వాసెన కట్టాలి. మోచేతుల దాకా కారంతో ఉన్న ఆవిడ, "లోపల ట్రంకుపెట్టెలో పాతది, మెత్తటి గుడ్డేదన్నా చూసి కట్టమ్మాయ్" అన్నారు. పెట్టె అడుగున కాగితంలో చుట్టిన రుమాలొకటి దొరికింది. వెన్నలా మెత్తగా, జాడీ మూతికి కొలత తీసినట్టుంది. దాని మీద వెలిసిపోయిన బొమ్మలేవో, అంకెలేవో ఉన్నాయి. అవి కనిపిస్తే నీటుగా ఉండదని తిరగేసి మరీ బిగించి కట్టాను. మూడోనాడు ఊట కలిపినప్పుడు కారం చేతులతోనే విప్పి, మళ్లీ కట్టాను. "మా కోడలు పనిమంతురాలండీ" అని అత్తయ్యగారు పక్కింటావిడతో అనడం విని రెండు రోజులు గాల్లో తేలిపోయాను.

ఆగస్టు వచ్చింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లు. మామయ్యగారు లెక్కలు చెప్పే హైస్కూల్లో పాత జ్ఞాపకాల ప్రదర్శన పెడుతున్నారు. "మా ఇంట్లో ఒకటుంది, తెస్తాను" అని హెడ్మాస్టరుగారికి మాటిచ్చి వచ్చి, ఆయన ట్రంకుపెట్టె తెరిచారు. అరగంటలో పాత పంచెలన్నీ నట్టింట్లో కుప్పపడ్డాయి.

"ఏం పోయిందండీ?" అన్నారు అత్తయ్యగారు.

"రుమాలు. మా నాన్న కొన్నది" అని మామయ్యగారు మంచం మీద కూలబడ్డారు. తర్వాత నావైపు తిరిగి చెప్పుకొచ్చారు. మొట్టమొదటి పంద్రాగస్టునాడు, పదిహేనేళ్ల ఈయన్ని వెంటబెట్టుకుని వాళ్ల నాన్న గుంటూరు వెళ్లారట. మిరపచేను తప్ప ఇంకోటి ఎరగని ఆ మనిషి బ్రాడీపేటలో ఒక కొట్టు ముందు ఆగి, జెండా, దేశపటం, ఆనాటి తేదీ అచ్చువేసిన రుమాలు కొన్నారట. "మా నాన్న జన్మలో కొన్న ఒకే ఒక్క పనికిరాని వస్తువమ్మా అది. 'ఒరేయ్, దీంతో ముక్కు తుడిచావంటే వీపు చీరేస్తా' అన్నాడు. ఆయన గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే."

జెండా, దేశపటం, తేదీ. (తిరగేసి కట్టడం వల్ల అత్తయ్యగారు కూడా పోల్చుకోలేదు. చరిత్ర చదివిన నేను బొమ్మవైపు చూసి కూడా పోల్చుకోలేదు.) వంటింట్లోకి వెళ్లి, వాసెన విప్పి తెచ్చి, ఆయన చేతిలో పెట్టి ఏడ్చేశాను. కుంకుడు రసం, నిమ్మచెక్క, మండే ఎండ, అన్నీ అయ్యాయి. దేశం నడిబొడ్డున పెద్ద ఎర్ర మరక మాత్రం కదల్లేదు. మామయ్యగారు తిట్టి ఉంటే ఆ నాలుగు రోజులూ అన్నం సయించేది.

పంద్రాగస్టునాడు ఆ మరక రుమాలే మడిచి జేబులో పెట్టుకుని, నన్నూ రమ్మన్నారు. బల్లమీద పరిచిన రుమాలు చుట్టూ పిల్లలు మూగారు. ముందు నిలబడ్డ కుర్రాడు, "సార్, ఆ ఎర్ర మరక రక్తమాండీ?" అన్నాడు. హెడ్మాస్టరుగారు చేతులు కట్టుకుని తల కూడా దించారు. మామయ్యగారు ఒక్క 'అవును' అంటే నా పరువు దక్కుతుంది. కానీ ఆయన లెక్కల మాస్టారు, లేనిదాన్ని ఉందనలేరు.

"కాదురా, ఆవకాయ" అన్నారు.

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు పిల్లలు. నేను తలుపు చాటుకి జరిగాను. నవ్వులు తగ్గాక ఆయన, "మా నాన్న నన్ను ముక్కు కూడా తుడుచుకోనివ్వలేదురా. నలభై ఏళ్లు పెట్టెలో నిద్రపోయినదాన్ని మా కోడలు లేపి పనిలో పెట్టింది" అన్నారు. అని నావైపు చూసి నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంటికొచ్చాక రుమాలు నా చేతికే ఇచ్చారు. "ఇక నువ్వే దాచమ్మాయ్. అయితే ఏ జాడీ దగ్గరా వద్దు."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. మొన్న మా మనవరాలు ఆ రుమాలు చూసి, "నానమ్మా, డ్రైక్లీనింగుకి ఇస్తే ఈ మరక పోతుంది, ఇద్దామా?" అంది. నేను "వద్దు" అని ఎంత గట్టిగా అరిచానంటే పాపం అది బిత్తరపోయింది. దేశపటం దాదాపు వెలిసిపోయింది, తేదీలో అంకెలు కళ్లజోడు పెట్టుకున్నా ఆనవు. మరకొక్కటే పదిలంగా ఉంది. అదీ పోతే ఫస్ట్ క్లాసులో పాసైన ఆ తెలివితక్కువ కొత్తకోడలు కూడా పోతుంది. ఆ పిల్లంటే ఈమధ్య నాకు బోలెడంత ముద్దు.