ఫ్రిజ్‌లో పెట్టిన తాళాలు

రెండేళ్ల క్రితం నవంబరులో, రిటైర్‌మెంట్‌కి ఆరు నెలల ముందు, నన్ను సౌండ్ రికార్డిస్టుగా మస్కట్ పంపారు. ఆరు కథల టీవీ సిరీస్. ఒక్కో కథకి మనుషులు వేరు, ఇల్లు వేరు. తీసేది మంచి పేరున్న క్రియేటర్. ఈసారి ఆయనకో పంతం: కథంతా ఒకే షాట్, నేపథ్య సంగీతం ఉండదు, నటులుండరు, కథలో చూపించే పని నిజంగా చేసుకునేవాళ్లే నటిస్తారు. సంగీతం లేకపోతే ఏ చిన్న రొద పడినా కప్పిపుచ్చడానికి దారి ఉండదు. నాకు కత్తి మీద సామే.

నాలుగో కథ మస్కట్‌లోనే అల్ హైల్ అనే పేటలో, నర్సాపురం నుంచి వచ్చిన నర్సు సువార్తమ్మ ఫ్లాట్‌లో. ఊళ్లో ఉన్న కూతురికి ఫోన్‌లో చేపల పులుసు నేర్పుతూ, ఇక్కడ తనూ వండాలి. ఆవిడకి మూడింటికి డ్యూటీ. మర్నాడు మా యూనిట్ తర్వాతి కథకి దూరాన ఉన్న సలాలా ఊరు వెళ్లిపోతుంది. ఆరోజు కాకపోతే ఆ కథ ఇక లేనట్టే. తను టీవీలో కనిపిస్తానని ఆవిడ అప్పటికే చర్చిలో అందరికీ చెప్పేసింది.

షాట్‌కి ముందు ఏసీ, ఫ్రిజ్ ఆపించడం మా పద్ధతి. ఆపిన ఫ్రిజ్‌లో మా బండి తాళాలు పెడతాం. వెళ్లేటప్పుడు తాళాల కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు కాబట్టి, మళ్లీ ఆన్ చేయడం మరిచిపోం. కానీ ఆవిడ ఒప్పుకోలేదు.

"ఏసీ ఆపుకోండి సార్, ఫ్రిజ్ జోలికి మాత్రం రాకండి. వంజరం చేప ఉంది లోపల, పాడైపోద్ది," అంది.

మొహమాటపడి సరేనన్నాను. మొదటి టేకు మధ్యలో ఫ్రిజ్ గుర్రుమంది. రెండో టేకూ అంతే. టైము ఒంటిగంటన్నర. క్రియేటర్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చివరికి ఆవిడే దిగొచ్చి, చేప పోతే పోయింది ఆపేయమంది. స్విచ్ తీసి, అలవాటు కొద్దీ వ్యాన్ తాళాలు చేప డబ్బా మీద పెట్టేశాను.

మూడో టేకులో చింతపండు పిసికే చప్పుడు కూడా హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా వినిపిస్తోంది. ప్రాణం లేచొచ్చింది. పులుసు మరిగాక ఆవిడ ఫ్రిజ్ వైపు నడిచింది. ముక్కలు తీయాలి కదా! నేను స్క్రిప్టులో మాటలే చదివాను, చేతలు చదవలేదు.

తాళాలు గలగలమన్నాయి.

"ఉండమ్మా. తాళాలు పోయాయని మీ నాన్న పొద్దున్నుంచీ ఇల్లు పీకి పందిరేత్తన్నాడు. ఇయ్యిగో, చేప మీదున్నాయి. ఈయన్ని కూడా పులుసులో ఏసేత్తే సరిపోద్ది," అని ఫోన్‌లో కూతురికి చెప్పి, తాళాలు గట్టు మీద పెట్టి పగలబడి నవ్వింది. కెమెరామన్ ఊపిరి బిగబట్టాడు. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. నా సర్వీసులో అంత చక్కటి నవ్వు రికార్డు చేయలేదు.

క్రియేటర్ ఆ టేకే ఖాయం చేసి, కథ పేరు కూడా 'తాళాలు' అని మార్చేశారు. పులుసు అందరం తిన్నాం. చేప వాసన కొడుతున్న తాళాలతోనే వ్యాన్ తీసి, ఆవిడని మూడింటికి ఆసుపత్రి దగ్గర దించాం.

సాయంత్రం డ్యూటీలోంచే ఫోన్ చేసింది.

"ఫ్రిజ్ ఆన్ చెయ్యడం మర్చిపోయారు సార్. మిగతా చేప పోయింది. మా ఆయన ఇంటికొచ్చి చూసుకుని ఫోన్‌లో తిడతన్నాడు, నాకేమో నవ్వాగట్లేదు."

తాళాలు ఆవిడ తీసి గట్టు మీద పెట్టింది కాబట్టి, నాకు ఫ్రిజ్ తెరిచే పనే పడలేదు. స్క్రిప్టులో చేతలు కూడా చదవాలి. పెట్టిన తాళాలు పెట్టినవాడే తీసుకోవాలి. ముప్పై నాలుగేళ్ల సర్వీసు చివర్లో ఈ రెండూ నేర్చుకున్నాను.