బొంగు ముందా, కాలు ముందా

కాలువ దాటేటప్పుడు నర్సన్న బొంగు కాలువ అడుగును ముందు తాకుతుందా, అతని ఎడమకాలు గట్టును ముందు విడుస్తుందా? ఈ సంగతి ఇప్పటికీ తేలలేదు. వ్యాయామం టీచరు శైలజ ఫోనులో తీసిన వీడియోను ఎంత నెమ్మదిగా తిప్పి చూసినా లాభం లేదు. కాలు లేవడం కనిపిస్తుంది. బొంగు మొన నీళ్లలో ఉంటుంది కాబట్టి అది ఎప్పుడు తాకిందో కనిపించదు.

నర్సన్న కోటగిరి వైపు పారే ఉపకాలువ మీద లష్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, ఎక్కడైనా గండి పడితే పైవాళ్లకు కబురు చెప్పడం అతని పని. వంతెన మైలు దూరంలో ఉంది. అవతలి గట్టు తూము దగ్గరికి పోవాలంటే మైలు పోవాలి, మళ్లీ మైలు రావాలి. నౌకరీలో చేరిన మొదటి ఏడే అతనికి విసుగొచ్చి ఒక వెదురు బొంగు సంపాదించాడు. బురదలో దిగబడకుండా మొనకు చెక్కబిళ్ల కొట్టాడు. అప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా ఫోనో, బీడీకట్టో తలగుడ్డలో దోపుకొని, నాలుగడుగులు ఉరికి, అవతలికి దుముకుతూనే ఉన్నాడు. మాట మధ్యలోనే దాటిపోతాడు. పోయొస్తననే అలవాటు అతనికి లేదు. నర్సన్నతో మాట్లాడాలంటే ముందు బొంగు గుంజుకోవాలని రైతులు నవ్వుకుంటారు.

శైలజ బోధన్ నుంచి స్కూటీ మీద బడికి పోతూ ఒక పొద్దున అతన్ని చూసి బండి ఆపేసింది. తన బళ్లో లాస్య అనే పిల్ల పోల్ వాల్ట్‌లో ఆర్నెల్లుగా చేయలేని పనిని, ఈ మనిషి చెప్పులు నడుముకు దోపుకొని చేస్తున్నాడు.

లాస్యది దగ్గర్లోని క్యాంపు, అంటే వలస రైతుల ఊరు. ముత్తాత కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం. బాగా ఉరుకుతుంది, గట్టిగా లేస్తుంది. కానీ అడ్డంగా పెట్టే బార్‌ను రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లకు పెంచితే ప్రతిసారీ పోల్ నిట్టనిలువు కాకముందే ఆగి, పిల్లను ఇవతలికే దింపేస్తుంది. కర్ర పట్టుకొని ఎగరడానికి నువ్వేమన్నా కోతుల్ని తోలేదానివా అని నాయనమ్మ రత్తమ్మ రోజూ దెప్పుతుంది. వచ్చే ఆదివారం నిజామాబాద్‌లో జిల్లా జట్టు ఎంపిక. అందులో నలభై దాటకపోతే ఆట మానిపిస్తానని తండ్రి చక్రవర్తి తేల్చి చెప్పాడు.

నేర్పమని శైలజ అడిగితే నర్సన్న ముందు సిగ్గుపడ్డాడు.

"గిది ఆటనా మేడం? గిది నా తొవ్వ."

అయినా మరునాడు లాస్యను నీళ్లు లేని పంటకాలువ దగ్గర నిలబెట్టి దుమకమన్నాడు. రెండుసార్లు చూశాడు.

"బొంగును మీదికి గుంజుకుంటున్నవ్ బిడ్డా. గదేమన్న బాయిల బొక్కెననా? ఏలాడు. పొడుగ్గ ఏలాడు. ఎనుక కాలును తొందరపెట్టకు, దాని యాళ్లకు గదే వస్తది."

"ముడుచుకోకపోతే బార్ తగులుద్ది తాతా."

"బార్ యాడుంది? ముందుగాల బొంగును నిలబడని."

శైలజకు ఆ మాట బుర్రలోంచి పోలేదు. పొడుగ్గా వేలాడితే బొంగెందుకు నిలబడాలి? బరువు అదే కదా? సాయంత్రం రొట్టెలకు కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసి చెరకుగడ కొసకు అంటించింది. గడను నేల మీద ఏటవాలుగా ఆనించి చేత్తో ఒక్క తోపు తోసింది. సగం లేచి వెనక్కి పడింది. ముద్దను రెండు జానలు కిందికి దించి అంతే బలంతో తోసింది. ఈసారి గడ నిలువై అవతలికి వాలింది. పిల్ల ముందే ముడుచుకుంటే ఒంటి బరువంతా కొసకు చేరుతోంది. పోల్‌కు మోత ఎక్కువవుతోంది. కాళ్లు సాగదీసి వేలాడితే బరువు కింద ఉంటుంది, పోల్ సులువుగా లేస్తుంది. అది లేచాక ఊపు మీద వచ్చే కాలును పైకి విసరాలి. పిండి ఎండిపోయేదాకా తోస్తూనే కూర్చుంది.

బొంగు ముందా, కాలు ముందా అని కూడా మరునాడు అడిగింది. నర్సన్న బొంగు చేతికి తీసుకున్నాడు.

"సూసుకుంట దుంకితె నీళ్లల్ల పడ్త మేడం," అన్నాడు. మాట పూర్తయ్యేసరికి అవతలి గట్టున ఉన్నాడు.

ఆదివారం మైదానంలో కంచె అవతల అతను కనిపించేసరికి శైలజ ఆశ్చర్యపోయింది. ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. చేతిలో బొంగు లేక ఆ చేతులను ఏం చేయాలో తెలియనట్టు కంచె పట్టుకొని నిలబడ్డాడు. లాస్య నలభై దగ్గర రెండుసార్లు పడిపోయింది. కాళ్లు బాగానే సాగుతున్నాయి. అయినా పోల్ ఆగిపోతోంది. ఇంకొక్క అవకాశమే మిగిలింది. చక్రవర్తి అప్పటికే బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

నర్సన్న లాస్యను కంచె దగ్గరికి పిలిచాడు.

"దుంకేటప్పుడు పైసెయ్యి కిందనే కాలుండాలె. నువ్వు సెయ్యిని దాటి ముంగటికి పోతున్నవ్. ఒక్కడుగు ఎనకకెళ్లి సురు చెయ్యి."

లాస్య తన గుర్తును అడుగు వెనక్కి జరుపుకుంది. పరుగు అందుకుంది. శైలజ పిల్లను చూడలేక నర్సన్న వైపు తిరిగింది. అతను కన్నార్పడం లేదు. కంచె కింద అతని ఎడమ మడమ దానంతటదే పైకి లేచింది. అదే క్షణాన పోల్ మొన బార్ కింది గుంతలో తగిలిన చప్పుడైంది. ఏది ముందో శైలజ ఈసారీ చెప్పలేకపోయింది.

ఆమె తిరిగి చూసేసరికి పోల్ నిలువుగా ఉంది. లాస్య పొడుగ్గా సాగి, కాళ్లు పైకెత్తి, బార్‌ను తాకకుండా అవతలి పరుపు మీద వీపానించి పడింది. బార్ కదలలేదు. చక్రవర్తి తాళాలను జేబులో వేసుకొని, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

తాత చూశాడా అని అడుగుతూ లాస్య కంచె వైపు ఉరికింది. శైలజ కూడా వెనకే వెళ్లింది. కంచె దగ్గర ఎవరూ లేరు. రోడ్డు అవతల బోధన్ బస్సు కదులుతోంది. దాని మెట్టు మీద ఒక ఖాకీ చొక్కా లోపలికి జరుగుతోంది.