ఎనభై నాలుగో వరుస

ఆ అట్ట మీద నాలుగు వాక్యాలున్నాయి. అందులో మూడు తప్పు.

మొదటిది "బొంత" అని. అది ఒప్పే. రెండోది "సంచార జాతులవారిది." మూడోది "కుట్టినవారు తెలియదు." నాలుగోది "అసంపూర్తి." కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుని చదివాను. ఏమీ మారలేదు.

శంషాబాదు నుంచి హిమాయత్ సాగర్ వైపు పోయే దారిలో, ఒక పాత తోట బంగళాలో పెట్టిన బట్టల మ్యూజియం అది. నేను చూసిన బట్టల మ్యూజియాల్లో నాలుగోది. డెబ్బై దాటాక పట్టిన పిచ్చి ఇది. యాత్రల బస్సులో వచ్చినవాళ్లందరూ దర్శనం క్యూలో నిలబడితే, నేను ఆ ఊళ్లో పాత బట్టలు ఎక్కడ పెడతారో కనుక్కుని అక్కడికి పోయేదాన్ని. బెంగాలు ఆడవాళ్లు పాత చీరల అంచుల నుంచి దారం లాగి కుట్టిన కాంథాలు చూశాను. కర్ణాటక సిద్దీల బొంతలు చూశాను. నాలుగు మూలలా పువ్వులాంటి మడతలు పెట్టకపోతే బొంత బోసిగా ఉంటుందని వాళ్లంటారట. ప్రతి చోటా వరుసలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకునేదాన్ని. బయటికొచ్చేటప్పుడు మాత్రం ఒకటే అనుకునేదాన్ని: ఇన్ని చోట్లవి ఉన్నాయి, మావి ఏవీ?

ఇక్కడ ఉంది. తలుపుకెదురుగా గోడ మీద, ముందర తాడు కట్టి, మీద లైటు వేసి. నా వెనక వస్తున్న యారాలు నాకంటే ముందే చూసింది. యారాలు అంటే తోడికోడలు, మా మరిది భార్య. నాకు డెబ్బై ఎనిమిది, ఆమెకు డెబ్బై ఐదు. ఆమె నా మోచేయి పట్టుకుని ఆపింది. తర్వాత మెల్లగా అంది:

"అక్కా, గా కింది మూల జూడు. నీ ఎర్ర రవిక."

నా ఎర్ర రవికే. చంక కింద చిరిగితే ముక్కలు చేసి వేసిందాన్ని మేమిద్దరం కాక ఇంకెవరు గుర్తుపడతారు?

ఇప్పుడు విమానాశ్రయం గోడ లోపల ఉన్న జాగాలో అప్పుడు మా ఇల్లుండేది. బొంత ఆ ఇంటి వసారాలో కుట్టాం. కార్తీక పున్నమి మర్నాడు మొదలుపెట్టి, తర్వాతి పున్నమికి నాలుగు రోజుల ముందు ముగించాం. ఇరవై ఐదు రోజులు. మధ్యలో వరికోతకు పోయిన ఆరు రోజులు తీసేస్తే పందొమ్మిది. పట్టిన బట్టలు ఏడు: అడుగున అత్త చీర ఒకటి, నడుమ ధోతులు రెండు, పైన ముక్కలకు కోసిన చీరలు మూడు, రవిక ఒకటి. ఇవన్నీ జ్ఞాపకం మీద చెప్పడం లేదు. ఇంట్లో కుట్టిన ప్రతి బొంతకూ నా పుస్తకంలో ఒక పేజీ ఉంది. నేను ఏడో తరగతి దాకా చదివాను. చదివిన చదువు ఎక్కడో ఒకచోట వాడాలి గదా.

మా ఇంట్లో బొంతను ఇద్దరు కలిసి కుట్టేవాళ్లు. ఎదురెదురుగా కూర్చుని, చెరో అంచు నుంచి దబ్బనంతో మొదలుపెట్టి, వరుస మీద వరుస వేసుకుంటూ నడుమకు వస్తారు. వరుసకూ వరుసకూ మధ్య బొటనవేలంత ఎడం. అంచుకూ మొదటి వరుసకూ మధ్యా అంతే. ఇద్దరూ కలిసిన చోట ఆఖరి వరుస వేసేవాళ్లు అందులో ఒక జానెడు మేర కుట్టకుండా వదిలేస్తారు. మొత్తం కుట్టేసి ముడి వేస్తే ఆ ఇంటికి ఇక బొంతల అక్కర లేదని చెప్పినట్టని మా అత్త అనేది. పిల్లలు పుట్టాలి, చుట్టాలు రావాలి, ఇంకో బొంత కుట్టాలి. అందుకని జానెడు వదలాలి. వదిలితేనే బొంత పూర్తయినట్టు. ఆ బొంతకు ఆఖరి వరుస వేసింది మా యారాలు.

భూములిచ్చి శంషాబాదుకు సామాను మార్చుకున్న వారంలో ఆ బొంత పోయింది. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకొస్తే, మా యారాలు మూటలో నాలుగు పాత చీరలతో పాటు దాన్ని కూడా ఇచ్చి అన్నం వండుకునే ఒక గంజు తీసుకుంది. చూసుకోలేదంది. నిజమే కావచ్చు, సామాను అట్లా కలిసిపోయి ఉంది. కానీ నేను వదల్లేదు. ఆమె ఇంట్లో ఎప్పుడు తిన్నా, ఆ గంజులో అన్నం ముందుకు రాగానే, "ఇది నా బొంతల వండిన అన్నమేనా?" అని అడిగేదాన్ని. ఇరవై ఏళ్లకు పైగా అడిగాను. ఆమె ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. వడ్డించి లోపలికి పోయేది.

ఆ రోజు ఆ గోడ ముందు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గా 'అసంపూర్తి' అన్న మాట తీపియ్యాలె అక్కా, అని రెండుసార్లు అంది. జానెడు వదిలిన చెయ్యి ఆమెదే మరి. ఆ మాట ఆమెకే తగిలింది.

మ్యూజియం చూసుకునే అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి, కోస్తా వైపు మాట. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి నీళ్లిచ్చి అంతా విన్నది. బొంత పాత సామాన్ల బజారులో దొరికిందట. అమ్మినవాడు ఏది చెబితే అది రాశారట. ఇది మా అమ్మమ్మది, మా మేనత్తది అని చాలామంది వస్తారనీ, మాట మీద అట్ట మార్చడం కుదరదనీ మర్యాదగానే చెప్పింది. అప్పుడు రాసుకున్నది ఏదైనా ఉంటే తీసుకురమ్మంది. ఉంది, వరుసలతో సహా ఉంది అన్నాను. ఆమె పెదవి కొసన చిన్న నవ్వు వచ్చిపోయింది. నేను చూశాను.

ఎనిమిదో రోజు, మళ్లీ గురువారం, పుస్తకం పట్టుకుని ఇద్దరం పోయాం. ఆటోలో మా యారాలు ఆ పుస్తకాన్ని తన ఒళ్లోనే పెట్టుకుంది.

అమ్మాయి పేజీ చూసి నవ్వలేదు. కాగితం పసుపుపచ్చగా మారింది, సిరా వెలిసింది. ఆమె తన రిజిస్టరు తెచ్చి పక్కన పెట్టింది. ఆమె కూడా నాలాంటిదేనని అప్పుడు తెలిసింది. ప్రతి వస్తువుకూ పొడవు, వెడల్పు, పొరలు, కుట్లు, అన్నీ రాసి ఉన్నాయి. ఒక్కొక్కటే చదువుతూ పోయాం. బట్టలు ఏడు, సరిపోయింది. ఎర్ర రవిక ముక్కలు పదకొండు, సరిపోయింది. వరుసలు దగ్గరికొచ్చాం. నా పుస్తకంలో ఎనభై నాలుగు: నలభై రెండు నావి, నలభై రెండు యారాలివి. ఆమె రిజిస్టరులో ఎనభై మూడు.

గోడ దగ్గరికి పోయి ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాం. కింది సగంలో నావి నలభై రెండు. పై సగంలో జానెడు వదిలిన వరుసతో కలిపి నలభై ఒకటి. మళ్లీ పెట్టాం. ఎనభై మూడే.

అమ్మాయి ఒక్క వరుస తేడాదేముందమ్మా అనలేదు. అని ఉంటే నాకు ఆమె మీద గౌరవం పోయేది. చేతులు కట్టుకుని నిలబడి, కొంచెం బాధగా చూసింది. ఇన్నేళ్లుగా నా పుస్తకంలో ఒక అంకె తప్పని ఎవరూ చూపించలేదు. ఒకటి తప్పయితే మిగతావన్నీ తప్పు కావని ఎవరు చెప్పగలరు? మా యారాలు నన్ను కిటికీ పక్కకు తీసుకుపోయింది.

"అక్కా, నేనే ఒక వరుస ఎగ్గొట్టిన్నని చెప్పు. అయిపోతది."

"ఎగ్గొట్టినవా?"

"లే. కుట్టిన. నలభై రెండూ కుట్టిన. కానీ గంజుకిచ్చింది నేనే గదా. గిది గూడ నా మీదనే పోనీ. అట్ట మారితే చాలు నాకు."

ఆ అంచు మీద వేలు పెట్టి ఆమె వరుసలు లెక్కపెట్టి పుస్తకంలో రాసింది నేను. నలభై రెండు ఉంటేనే రాశాను. ఆమె ఎగ్గొట్టలేదని ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

"చెయ్యని తప్పు ఒప్పుకుంటే పుస్తకం ఎట్ల సరైతది?" అన్నాను. "జర ఆగు, కూసో."

"నీ లెక్కలు సల్లగుండ," అని ఆమె కూర్చుంది.

నేను పుస్తకం మళ్లీ తెరిచి, చదవకుండా వదిలేసిన వరుస ఏదైనా ఉందా అని చూశాను. ఉంది. "పొడవు ఐదు మూరలు, నా చేతితో." అమ్మాయిని పిలిచి నా చేయి కొలవమన్నాను. వయసుకు మనిషి పొట్టి అవుతుంది గానీ, మోచేయి నుంచి వేలి కొసకు ఉన్న దూరం తగ్గదు. ఆమె టేపు పెట్టి కొలిచింది. పద్దెనిమిది అంగుళాలు. ఐదు పద్దెనిమిదులు తొంభై. ఆమె రిజిస్టరులో పొడవు ఎంతుంది? ఎనభై ఎనిమిది.

"రెండంగుళాలు తక్కువున్నయి," అన్నాను. "బట్ట ముడుచుకుంటే రెండు దిక్కులా ముడుచుకోవాలి. కింద చూడు, అంచుకూ వరుసకూ బొటనవేలంత ఎడం అట్లనే ఉంది. పైన అంచు ఏదీ?"

ఆమె పైకి చూసింది. నేనూ చూశాను. బొంత పై అంచును రెండు చెక్క పట్టీల మధ్య నొక్కి, మరలు బిగించి, ఆ పట్టీలను గోడకు తగిలించారు. పట్టీ వెడల్పు రెండంగుళాలు.

అమ్మాయి నిచ్చెన తనే తెచ్చుకుంది. బొంతను దించి, బల్ల మీద తెల్లబట్ట పరిచి దాని మీద పడుకోబెట్టింది. నాలుగు మరలు. నేను లెక్కపెడుతూ ఉన్నాను. నాలుగోది ఊడాక పై పట్టీని రెండు చేతులతో ఎత్తింది.

అక్కడుంది. చెక్క నొక్కుడుకు కొంచెం చదునై, ఈ చివర నుంచి ఆ చివరకు, మా యారాలి చిన్న చిన్న కుట్లు. ఆమె మొదటి వరుస. ఆవల బొటనవేలంత ఎడం, దాని ఆవల అత్త చీర అంచు.

"ఎనభై నాలుగు," అంది అమ్మాయి. కాసేపటికి, "నేను చెక్క బిగించకముందు లెక్కపెట్టాల్సిందండీ," అని, రిజిస్టరు తీసి మూడు కొట్టేసి నాలుగు వేసింది. పక్కన తేదీ వేసి పొడి సంతకం పెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఇక మిగిలింది ఆ జానెడు. అత్త చెప్పిన మాట చెప్పాను. ఆమె రాసుకుంది. రాసుకుని, కుట్టు మధ్యలో ఆగిపోయినదానికీ కావాలని వదిలినదానికీ తేడా ఎట్లా తెలుస్తుందని అడిగింది. మంచి ప్రశ్నే. నేను జవాబు వెతుకుతుంటే మా యారాలు లేచి వచ్చింది. బట్టను ఉత్త చేత్తో ముట్టొద్దని అమ్మాయి తెల్ల తొడుగు ఇచ్చింది. వేళ్లు వంకర తిరిగిన ఆ చేతికి తొడుగు ఎక్కడానికి ఇద్దరం సాయం చేయాల్సి వచ్చింది. తర్వాత ఆమె బొటనవేలిని కుట్టు ఆగిన చోట పెట్టి, చెయ్యి మెల్లగా చాపింది. చిటికెన వేలు కుట్టు మళ్లీ మొదలైన చోట ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు.

అమ్మాయి ఆ చేతిని అట్లాగే ఉంచమని ఫోటో తీసుకుంది.

పదిహేను రోజుల తర్వాత కొత్త అట్ట పెట్టామని కబురొస్తే మళ్లీ పోయాం. బొంతను ఇప్పుడు పట్టీలకు బిగించలేదు. ఏటవాలు బల్ల మీద పరిచారు, రెండు అంచులూ కనిపిస్తున్నాయి. అట్ట మీద నాలుగే వాక్యాలు. "బొంత. శంషాబాదు పక్క ఊరి రైతుల ఇంటిది." మూడోదాంట్లో కుట్టినవారు ఇద్దరు తోడికోడళ్లని, మా ఇద్దరి పేర్లు. ముందు యారాలి పేరు. దొరికిన వరుస ఆమెది కాబట్టి అట్లా రాయమని నేనే చెప్పాను. నాలుగో వాక్యం "పూర్తయింది."

కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. తప్పులు ఏవీ లేవు.

మా యారాలికి చదువు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, దాని ముందు చాలాసేపు నిలబడింది. బడిపిల్లలు కొందరు వస్తే, పక్కకు జరగకుండా అక్కడే నిలబడి, "గిది నేను కుట్టిన," అని వాళ్లకు చెప్పింది. నన్ను చూసి, "ఈమె గూడ కుట్టింది," అంది. బయటికొచ్చాక ఆటో కోసం చూస్తూ, "అక్కా, ఆ గంజు గూడ తెచ్చి పక్కన పెడ్దామా? అది గూడ ఈ బొంతదే గదా," అంది. ఇరవై ఏళ్లలో ఆ గంజు మాట ఆమె నవ్వుతూ ఎత్తడం అదే మొదటిసారి. నడిరోడ్డు మీద ఇద్దరం ఆగి నవ్వుకున్నాం.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే తిన్నాను. గంజు తెచ్చి ముందు పెట్టింది. వడ్డించి లోపలికి పోలేదు. నా మొహం చూస్తూ నిలబడింది, నేను అడిగేదాని కోసం.

నేను ఇంకో గరిటె వెయ్యమన్నాను.