వరండాలో నడిపించిన డాక్టరమ్మ

గుండె వాల్వు మూసుకుపోతుండడంతో మా అమ్మకు ఇంటి వెనక మిరపకల్లం దాకా నడిచినా ఆయాసం వచ్చేది. ఛాతీ కొయ్యకుండా తొడ దగ్గరి రక్తనాళం గుండా కొత్త వాల్వు పెట్టవచ్చని గుంటూరులో ఒక డాక్టరమ్మ చెప్పారు.

“పెట్టాక అమ్మ మళ్ళీ మామూలుగా తిరుగుతుందాండీ?” అని అడిగాను.

ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి లేచారు. ఆ ప్రశ్న ఎవరడిగినా జవాబు చెప్పే ముందు రోగితో కాసేపు నడవడం ఆవిడ అలవాటట. అమ్మ చెయ్యి పట్టుకుని, “ఈ ఏడు కాయ ఎలా ఉందమ్మా?” అంటూ వరండా చివరిదాకా తీసుకెళ్ళారు. అమ్మ మధ్యమధ్య గోడ పట్టుకుని ఆగింది కానీ కూర్చోలేదు.

“మాటివ్వలేనండి. కానీ ఆగినప్పుడల్లా తనంతట తనే మళ్ళీ అడుగేశారు. కోలుకుంటారనే నా నమ్మకం,” అన్నారు తిరిగొచ్చి.

నేను తటపటాయిస్తుంటే అమ్మే సరేనంది.

వాల్వు పెట్టిన మర్నాడు అమ్మను మంచం దింపి నడిపించింది కూడా ఆవిడే. నెల తిరిగాక చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అమ్మ ఎక్కడా ఆగకుండా మెట్లెక్కింది. డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి.

“వరండాలో నడిచిన రోజు నాకూ భయంగానే అనిపించిందమ్మా,” అన్నారు.

“తెలుసులే తల్లీ, నీ అరచెయ్యి చెమట పట్టింది,” అంది అమ్మ. “భయమున్న మనిషి జాగ్రత్తగా చేసుద్దనే ఒప్పుకున్నా.”