కుళ్ళిందా, కుళ్ళలేదా?

ఎవరు ఎదురైనా అంపోఫో మాస్టారు "బాగున్నావా?" అని అడిగేవారు కాదు; "కుళ్ళిందా?" అని అడిగేవారు. రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయన దృష్టిలో వస్తువులు రెండే రకాలు: పాతిపెడితే కుళ్ళేవి, కుళ్ళనివి.

సర్వే కోసం మా వీధిలోని ఇళ్ళన్నీ తిరిగినప్పుడు, ఆయన పెరట్లో నలభై ఒక్క గుంటలు లెక్కించాను. నలభైలో పామాయిలు కాచి చేసిన ప్లాస్టిక్ ముక్కలు. మిగిలినదాంట్లో, పోలిక కోసమట, ఆయన ఎడమ చెప్పు. చర్చికి ఒంటి చెప్పుతోనే వచ్చేవారు.

ఆ ప్లాస్టిక్‌తో కోకో నారుకు సంచులు చేయాలని ఆయన పట్టు. మొదటి విడతకు పులుసు వాసన వచ్చింది. మేకలు మొక్కలతో సహా ఆరగించాయి.

"ఇందులో నారు పెట్టాలా మాస్టారూ, చేపలు వెయ్యాలా?" అంది నర్సరీ కూలీ సెర్వా.

"నవ్వింది చాలు. చెయ్యి చూపించు."

"అరవయ్యేళ్ళకి ఉంగరం తొడుగుతారా ఏంటి?"

"తొడిగితే మళ్ళీ ఊడిరాదే!"

సెర్వా కీళ్ళు వాచిపోయాయి. నాటేముందు ప్రతి మొక్కకూ నల్ల పాలిథిన్ సంచి ఒలిచెయ్యాలి. లేకుంటే వేళ్ళు ఊపిరాడక చస్తాయి. ఆమె ఒక్కటి ఒలిచేలోగా తక్కినవాళ్ళు పది నాటేవారు. ఈ వానలతో సరి, ఇక రావద్దని మేస్త్రి చెప్పేశాడు.

"పని పోతే ఇంట్లో గోడలతో కబుర్లాడాలి. గోడలకి హాస్యం తెలీదు," అనేది.

వానలకు వారం ముందు మాస్టారు కన్నుమూశారు. గుంటల లెక్క తెలిసిన మనిషినని ఆయన ఇంటివాళ్ళు నోటుపుస్తకాలు నాకు అప్పగించారు. కుళ్ళుడు లెక్కల కోసం తెరిస్తే, ప్రతి తేదీ కిందా ఒకే వరుస: "సెర్వా, కుడిచెయ్యి. మూడు వేళ్ళు ముడవగలిగింది." "రెండు." చివరి పుటలో: "ఒక్కటీ లేదు. సంచి ఒలిచే పనే ఉండకూడదు."

ఆయన పెరట్లో అరవై మొక్కలు చివరి విడత సంచుల్లో ఎదిగి ఉన్నాయి. "సంచితో నాటినా బతికితే నీ పని నీదే," అన్నాడు మేస్త్రి అపనమ్మకంగా. సెర్వా సంచులతోనే నాటింది.

మూడు నెలలకు ఒక మొక్క పక్కన తవ్వి చూశాం. తెల్లని వేళ్ళు మట్టిలోకి చాచుకున్నాయి. సంచి ఆనవాలే లేదు.

సెర్వా తిన్నగా సమాధి దగ్గరికి నడిచింది. వంగి, గట్టిగా చెప్పింది:

"మాస్టారూ, కుళ్ళింది!"

వెంటనే నాలుక కరుచుకుంది.

"సంచి మాటేనండీ. మీ మాట కాదు."